ఐదో పక్క

డేరాలో పడుకోవడం ఇక తన వల్ల కాదని కొరీన్ హాగ్లండ్ తెగేసి చెప్పింది ఆ ఆగస్టు వాన తర్వాతే. మిన్నెసోటాలో వేసవి అంటే ఉన్నదే కాస్త. ఆ కాస్తలో పిల్లల్ని వెంటేసుకుని ఏదో ఒక సరస్సు ఒడ్డున నాలుగు రోజులు గడపకపోతే ఆ ఇంట్లో ఏదో లోటుందనే అనుకుంటారు జనం. హాగ్లండ్‌లూ ఏటా వెళ్ళేవారు. ఆ ఏడు గాలివానకు డేరా కూలింది, పక్కలన్నీ నానిపోయాయి, పిల్లాజెల్లా అందరూ కారులో ముడుచుకు కూర్చుని తెల్లవార్చారు. వచ్చే ఏడు గోడలున్నదేదైనా కొంటేనే తాను వస్తానని, లేకపోతే ఆయనొక్కడే వెళ్ళి దోమలకు విందు చేసుకోవచ్చని భర్తతో చెప్పేసింది.

భర్త లోవెల్ పాడి రైతుల దగ్గర పాలు ఎత్తే ట్యాంకరు నడుపుతాడు. మాట తక్కువ మనిషి. కొరీన్ ఇంటి కింది గదిలో కుర్చీ, అద్దం వేసుకుని ఊరి ఆడవాళ్ళకు జుట్టు కత్తిరిస్తుంది. వాళ్ళకు ఇద్దరు పిల్లలు, ఆండర్స్, టిల్డా. ఇద్దరూ ఇంకా చిన్న తరగతుల వాళ్ళే. ఇక లోవెల్ మొదటి పెళ్ళిలో పుట్టిన అమ్మాయి మారెన్ ఉంది. పదమూడేళ్ళది. ఫార్గోలో తల్లి దగ్గర ఉండి చదువుకుంటుంది. బడికి సెలవులిస్తే తండ్రి దగ్గరికి వస్తుంది.

సవతి తల్లి అనగానే జనం ఏమనుకుంటారో కొరీన్‌కు తెలుసు. అందుకే మొదటి నుంచీ జాగ్రత్తగా ఉండేది. మారెన్‌కు ఇష్టమని అక్కడి సరస్సుల్లో పండే వైల్డ్ రైస్‌తో సూపు కాచేది, పుట్టినరోజుకు కేకు చేసి ఫార్గో దాకా పట్టుకెళ్ళేది. ఎవరూ వేలెత్తి చూపడానికి లేదు. కానీ మారెన్ వచ్చిన రోజు నుంచి లోవెల్ ఈలలు వేస్తూ ఇంట్లోకి వచ్చేవాడు. మామూలు రోజుల్లో వేయని ఈలలు. ఆ ఈల వినపడినప్పుడల్లా కొరీన్ మనసులో ఓ మూల చివుక్కుమనేది. ఇది అల్పమైన బుద్ధి అని ఆమెకు తెలియకపోలేదు. తెలిసినంత మాత్రాన అది పోలేదు.

బండి వెనక తగిలించి లాక్కెళ్ళే చిన్న ఇల్లులాంటి ట్రైలరు చూడ్డానికి వెళ్ళింది వసంతం సెలవుల్లో. రోడ్ల పక్కన మంచు ఇంకా మురికి కుప్పలుగా మిగిలే ఉంది. మారెన్ కూడా వచ్చి ఉండడంతో అందరూ కలిసే బయల్దేరారు. ఏ రకం కొనాలన్న దాని మీద శీతాకాలమంతా మొగుడూ పెళ్ళాల మధ్య వాదన నడిచింది. నాలుగు వైపులా గట్టి గోడలున్న పెద్ద ట్రైలరైతే వాళ్ళ బండి లాగలేదు. మడతపెట్టే డేరా ట్రైలరైతే తేలికే గానీ, కొరీన్‌కు మళ్ళీ డేరా అన్న మాటే గిట్టదు. చివరికి మధ్యేమార్గంగా హైబ్రిడ్ దగ్గర ఆగారు. అందులో మధ్య భాగం గట్టి పెట్టె. పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది అన్నీ ఆ పెట్టెలోనే. దిగిన చోట రెండు చివర్లా గోడల్ని కిందికి వాలిస్తే ఒక్కోటి ఒక్కో మంచమవుతుంది. దాని మీద కాన్వాస్ గుడ్డ గూడులా లేస్తుంది. బరువు తక్కువ, చోటు ఎక్కువ.

దుకాణంలో అమ్మకం చూసుకునేది బెవ్ అని, నెరిసిన జుట్టు కురచగా కత్తిరించుకున్న పెద్దావిడ. లోవెల్ బయట మోకాళ్ళ మీద కూర్చుని కొక్కెం, చక్రాలు పరీక్షిస్తున్నాడు. బెవ్ కొరీన్‌ను లోపలికి తీసుకెళ్ళింది. వెనకాలే పిల్లలు. మారెన్ వంటగది తొట్టి దగ్గర నిలబడి కుళాయి తిప్పి చూస్తోంది.

"మీరు మొత్తం ఎంతమందమ్మా?" అనడిగింది బెవ్.

"నలుగురం," అంది కొరీన్.

ఆలోచించి అన్న మాట కాదది. అలాగని నోరు జారిందనడానికీ లేదు. ఆ మాట ఎప్పటి నుంచో నాలుక చివర సిద్ధంగా ఉన్నట్టు వచ్చింది. వచ్చిన మరుక్షణం కుళాయి దగ్గర చప్పుడు ఆగింది. కొరీన్ అటు తిరగలేదు. తిరిగి, "అయ్యో, ఐదుగురం, ఇదిగో మా పెద్దమ్మాయి," అనడానికి ఎంత సేపు? అనలేదు. కిటికీ తెర పట్టుకుని, గుడ్డ బాగుందంది.

బెవ్ రెండు నమూనాలు చూపించింది. ఒకదానికి వెనక వైపు కూడా మూడో మంచం తెరుచుకుంటుంది. కాకపోతే దాని కోసం వంటగది కుదించారు. రెండోదానికి రెండే మంచాలు, కానీ చేతులు బార్లా చాపుకుని వండుకునేంత గట్టు, నిండా అల్మారాలు. నలుగురికైతే ఇదే సుఖమంది బెవ్. కొరీన్‌కు ఆ వంటగట్టు మీద మనసు పడింది. లోవెల్ చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చి, అటూ ఇటూ చూసి, మారెన్ ఎక్కడ పడుకుంటుందని అడిగాడు. కొరీన్ సమాధానం వెతుక్కునే లోపే మారెన్ అందుకుంది.

"నేను బల్ల మీద పడుకుంటాలే నాన్నా. దాన్ని కిందికి దించితే మంచమవుతుందట. నాకేం, ఒక్కదాన్నే కదా."

కొరీన్‌ను గట్టెక్కించింది ఆ పిల్లే. వాళ్ళు రెండో ట్రైలరే కొన్నారు. ఇంటికి తిరిగొచ్చే దారంతా కొరీన్ వంటగట్టు గురించి గలగలా మాట్లాడుతూనే ఉంది. తేలు కుట్టిన దొంగ అరవలేడంటారు. ఆమె మాత్రం ఆగకుండా మాట్లాడింది.

జూలైలో సుపీరియర్ సరస్సు ఉత్తరపు ఒడ్డుకు వెళ్ళారు. వెళ్ళాక తెలిసింది ఆ బల్ల సంగతి. రాత్రి అందరూ పేకాట ముగించి లేస్తే గానీ మారెన్‌కు పక్క లేదు. కళ్ళు మూతలు పడుతున్నా గోడకు ఆనుకుని కూర్చునేది. పొద్దున్నే లోవెల్ కాఫీకి లేస్తాడు కాబట్టి అతని కంటే ముందే లేచి, పరుపు ముక్కలు సర్ది, బల్ల పైకెత్తి పెట్టేది. అల్మారాల్లో చిన్నపిల్లలిద్దరికీ చెరో అర ఉంది. మారెన్ సంచికి చోటు లేక కారు వెనక సీటులో ఉండేది. కావలసిన బట్ట కోసం ఆ పిల్ల చలిగాలిలో చెప్పులు తొడుక్కుని కారు దాకా వెళ్ళి వచ్చేది. ఒక్కసారీ సణగలేదు. సణిగి ఉంటే కొరీన్‌కు కాస్త ఊపిరాడేది.

దానికి బదులు కొరీన్ చిన్న చిన్న లంచాలు మొదలుపెట్టింది. మారెన్ పళ్ళెంలో ఒక పాన్‌కేక్ ఎక్కువ వేసేది. ఊళ్ళోకి వెళ్ళి లోపల దూరి పడుకునే, దూది దట్టంగా ఉన్న కొత్త స్లీపింగ్ బ్యాగు కొనిచ్చింది. అదే రోజు సాయంత్రం, ఒడ్డున ఏరుకొచ్చిన రంగు చారల అగేట్ రాళ్ళు తొట్టిలో వదిలేసిందని ఆ పిల్ల మీద గయ్యిమని లేచింది. ఆ రాళ్ళలో సగం ఆండర్స్‌వే. తప్పు చేసినవాళ్ళకే కోపమెక్కువ. మారెన్ సారీ చెప్పి, రాళ్ళన్నీ తీసి తువాలుతో తొట్టి తుడిచింది.

మూడో రోజు మధ్యాహ్నం ముసురు పట్టింది. పక్క చోటులో దిగిన ఆవిడ, డులూత్ నుంచి వచ్చిన రిటైర్డ్ నర్సు, కేకు ముక్కల్లాంటి గుమ్మడికాయ బార్లు పళ్ళెంలో పెట్టుకుని వచ్చింది. క్యాంపుల్లో ఒకరి ట్రైలరు ఒకరు చూడడం మామూలే. టిల్డా ఆమె చెయ్యి పట్టుకుని అంతా తిప్పి చూపించింది. ఇది అమ్మానాన్నల మంచం, ఇది నాదీ ఆండర్స్‌దీ అంటూ. మరి పెద్దక్కదో అని నర్సు అడిగింది.

"మారెన్‌కు లేదు. మారెన్ చుట్టం కదా," అంది టిల్డా.

నర్సు నవ్వింది. మారెన్ కూడా నవ్వి, "అవునమ్మా, చుట్టాన్నే. ఇంకో బార్ పెట్టండి, చుట్టాలకి రెండు పెట్టాలి," అంది. అందరూ నవ్వారు. లోవెల్ నవ్వలేదు. పొయ్యి దగ్గర ఉన్న కొరీన్ మొహం చెవుల దాకా కాలిపోయింది. చిన్నపిల్లకు ఆ మాట ఎవరూ నేర్పలేదు. చూసి నేర్చుకుంది. ఎవరెవరికి మంచముందో, ఎవరి సంచి కారులో ఉందో ఆరేళ్ళ పిల్ల కళ్ళకూ కనిపిస్తుంది.

మరుసటి ఏడు మే నెలలో మారెన్ ఫోను చేసింది. ఫార్గోలో ఈతకొలను దగ్గర పని దొరికిందని, ఈ వేసవి క్యాంపుకు రావడం కుదరదని చెప్పింది. లోవెల్ మంచిదేనమ్మా అన్నాడు. ఫోను పెట్టేశాక, పిల్ల ఎదుగుతోంది కదా, మనతో ఎందుకొస్తుందని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. ఆ వారమంతా ఇంట్లో ఈల వినపడలేదు. ఒకప్పుడు గిట్టని ఈల కోసం కొరీన్ ఇప్పుడు చెవులు రిక్కించింది.

జూన్‌లో ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక షెడ్డులో ట్రైలరు రెండు వైపులా తెరిచి, గుడ్డకు పట్టిన బూజు తుడుస్తున్నారు ఇద్దరూ. కొరీన్‌కు ఇక దాచుకోవడం చేతకాలేదు. ఆ రోజు దుకాణంలో బెవ్ ఏమడిగిందో, తానేమందో, మారెన్ ఎక్కడ నిలబడి ఉందో అంతా చెప్పేసింది. లోవెల్ తిడతాడనుకుంది. తిట్టి ఉంటే బాగుండేది. అతను బ్రష్షు బకెట్లో వేసి మెట్టు మీద కూర్చున్నాడు.

"నువ్వన్నది నేను వినలేదు. కానీ మంచాలు ఎన్నున్నాయో చూశాను. కళ్ళున్నాయి కదా నాకు. ఇది వద్దు, మూడు మంచాలది కొందామని నేననాలి. నీతో గొడవెందుకులే అని ఊరుకున్నా. పిల్ల నోట చెప్పించా," అన్నాడు.

కొరీన్ బకెట్లోంచి బ్రష్షు తీసి అతని చేతికిచ్చింది. ఇద్దరూ బూజు శుభ్రంగా తుడిచారు.

రెండు రోజులకు కొరీన్ జుట్టు కత్తిరింపుకు రావలసిన వాళ్ళందరికీ ఫోను చేసి ఆ రోజు రావద్దని చెప్పి, ఒక్కతే ఫార్గోకు కారు తోలుకెళ్ళింది. కొలను దగ్గర మారెన్ మెడలో ఈలపీకతో, ఎండకు కమిలిన ముక్కుతో కనిపించింది. విరామం దొరికాక ఇద్దరూ కంచె పక్కన బెంచీ మీద కూర్చున్నారు.

"ఆ రోజు నలుగురం అన్నాను. నువ్వు విన్నావు," అంది కొరీన్.

"విన్నా."

"నాకు సిగ్గుగా ఉంది మారెన్."

మారెన్ ఈలపీక తాడు వేలికి చుట్టుకుంది. "లెక్క తప్పావేమో అనుకున్నా మొదట. నన్ను చూసి సరిదిద్దుకుంటావని చూశా. కారెక్కేదాకా చూశా కొరీన్," అంది. గొంతులో కోపం లేదు. అదే కొరీన్‌కు భరించలేనిదైంది.

ఆ ట్రైలరు ఇచ్చేసి మూడు మంచాలది తెస్తామంది కొరీన్. మారెన్ తల అడ్డంగా ఊపింది.

"నా కోసం ఏం కొనొద్దు. నేను రాని రోజుల్లో ఆ ఖాళీ మంచం చూసి నువ్వు ఏడుస్తావు, నాన్న నన్ను తిట్టుకుంటాడు. నాకెందుకా గోల."

అయితే ఆగస్టులో కొన్ని రోజులైనా రమ్మని, తన మంచం తీసుకోమని, బల్ల మీద తాను పడుకుంటానని కొరీన్ అడిగింది. నాన్న గురక పక్కనా, ఛీ అంది మారెన్. ఆ మాటకు ఇద్దరికీ నవ్వొచ్చింది, కానీ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. సెలవు దొరికితే చూస్తానంది. పనికి వేళయిందని లేచి వెళ్ళిపోయింది.

ఆగస్టులో వచ్చింది. ఆండర్స్‌ను తండ్రి పక్కకు తోసి, మారెన్‌కూ టిల్డాకూ ఒక చివర మంచం ఇచ్చారు. అందులో టిల్డా నిద్రలో తన్నుతుందని మారెన్ పొద్దున్నే ఫిర్యాదు చేసింది. ఆ ఫిర్యాదు కొరీన్ చెవికి ఎంత ఇంపుగా ఉందో చెప్పలేం. కొరీన్ బల్ల మీద పడుకుంది. రెండు పరుపు ముక్కల మధ్య సందు నడుముకు ఒత్తుకుంటుందనీ, కాళ్ళు చాపితే అల్మారా తలుపుకు తగులుతాయనీ, మిగతావాళ్ళ ఆట ఎప్పుడవుతుందా అని కునికిపాట్లు పడుతూ కాచుకోవడం ఎలా ఉంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది. పదమూడేళ్ళ పిల్ల ఒక్క మాట అనకుండా వారం రోజులు ఇక్కడ పడుకుందన్న తలంపు సందు కంటే ఎక్కువ గుచ్చింది.

దానితో లెక్క సరిపోయిందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. మారెన్ ఆ తర్వాతి వేసవి రెండు రోజులుండి వెళ్ళింది. ఇంకో ఏడు రానేలేదు. కాలేజీలో చేరాక మాత్రం ఓసారి స్నేహితురాళ్ళతో క్యాంపుకు వెళ్తూ ట్రైలరు అడిగి తీసుకెళ్ళింది. తాళాలు ఇస్తూ కొరీన్ కాన్వాస్ తడిస్తే ఆరబెట్టకుండా మడవొద్దని జాగ్రత్తలు చెబుతుంటే, మారెన్ నవ్వుతూ విని, సంచులన్నీ కారులోంచి తీసుకొచ్చి అల్మారాల్లో సర్దుకుంది.