గోడ మీది నల్లద్దాల మనిషి

పిల్లల్ని కాపాడబోయి, ఆ పిల్లల ఆటే ఆగిపోయేలా చేసిన మహాతల్లిని చూడాలని మీకెప్పుడైనా అనిపించిందా? ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు, ఆ మహాతల్లిని నేనే. బెజవాడ ఎండకి రోడ్డు మీద తారే కరుగుతుంది, నా బుర్ర కరగడంలో వింతేముందని సరిపెట్టుకోబోతే మావారు ఒప్పుకోరు. "కరగాలంటే ముందది ఉండాలిగా" అంటారు.

ఈమధ్యే మా అమ్మాయి హరిత ఏడో తరగతి పరీక్షలు రాసి, ఆటోనగర్ పక్కనున్న ఒక వాలీబాల్ అకాడమీలో వేసవి శిక్షణకు చేరింది. నేను పుట్టు కంగారుమనిషిని. కుక్కర్ కూత కాస్త ఆలస్యమైతే పిల్లను చంకనేసుకుని వీధిలోకి పరిగెత్తే రకం. అలాంటిదాన్ని పిల్లను రోజూ పరాయివాళ్ళకి అప్పగించి ఇంటికి రావాలి. పేపరు తెరిస్తే చాలు, కడుపులో చెయ్యిపెట్టి దేవే వార్త ఏదో ఒకటి ఉంటుంది. అందుకని మొదటిరోజే కోచ్ మీరావలి గారిని నిలదీశాను.

"పిల్లల భద్రతకి మీ దగ్గర పద్ధతేంటండీ?"

"ఈ యేడే కొత్త నియమాలు పెడుతున్నామండీ. తల్లిదండ్రుల్లో ఎవరైనా కూర్చుని రాసిపెడితే..."

ఆయన మాట పూర్తిచేసేలోపే నేను కుర్చీ లాక్కున్నాను.

ఏ పెద్దవాళ్ళూ ఒక్క పిల్లతో తలుపు మూసిన గదిలో ఉండకూడదని రాశాను. కోచ్‌లు పిల్లలకి విడిగా మెసేజీలు పెట్టకూడదని రాశాను. అనుమతి లేకుండా ఎవరూ వీడియోలు తీయకూడదన్న ముక్క నేను పట్టుబట్టి చేర్చిందే. ఎవరి తీరైనా తేడాగా అనిపిస్తే, వాళ్ళు ఎంత తెలిసినవాళ్ళయినా సరే, పిల్లలు వెంటనే కోచ్‌కి చెప్పాలన్నది కూడా నాదే. అంతటితో ఆగానా, వెనక గోడ వైపు కెమెరా లేదని పోరుపెట్టి అదీ బిగింపించేశాను.

తల్లిదండ్రులు గేటు దగ్గర పేరు చెప్పి ఎప్పుడైనా గ్యాలరీలో కూర్చోవచ్చు. మొదటివారం కూర్చున్నాను. వారం తిరక్కుండానే హరిత నా ముందు నిలబడింది.

"అమ్మా, నువ్వక్కడుంటే నాకు సర్వీస్ పడట్లేదు."

"నేనేం చేశానే? నోరు కూడా విప్పలేదుగా."

"విప్పవు. ఊపిరి బిగబడతావు. కోర్టులోకి వినబడుద్ది. ఇంక గ్యాలరీలోకి రానని ఒట్టెయ్యి."

ఒట్టేశాను. గ్యాలరీకి రానన్నాను గానీ గోడ వెనక్కి రానని ఎవరన్నారు?

అకాడమీ వెనక ఒక టైర్ల కొట్టు ఉంది. వాళ్ళు పాత లారీ టైర్లను సరిగ్గా గోడకి ఆనించి పేరుస్తారు. నాలాంటి తల్లుల కోసమే పేర్చారనుకున్నాను. సాయంత్రం స్కూటీ అక్కడ ఆపడం, టైర్లెక్కడం, గోడ మీంచి తొంగిచూడటం, తన కొట్టు వదిలి రాలేని మావారి కోసం కాస్త వీడియో తీయడం. వీడియోలు తీయకూడదని రాసింది నేనే కదా అంటారా? పరాయివాళ్ళు తీస్తే వీడియో, తల్లి తీస్తే జ్ఞాపకం. ఇదీ నా న్యాయశాస్త్రం.

ఇక వేషం. మే నెలలో స్కూటీ ఎక్కే బెజవాడ ఆడవాళ్ళం ఎలా ఉంటామో మీకు తెలియంది కాదు. తలకీ మొహానికీ చుట్టి మెడ వెనక ముడేసిన చున్నీ, నల్లద్దాలు, మోచేతులదాకా గ్లౌజులు, ఎండ తగలకుండా పైన మావారి ఫుల్‌హ్యాండ్స్ చొక్కా. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగామంటే బ్యాంకు దోచుకుని పారిపోతున్న ముఠాలా ఉంటాం. అందరం అలాగే ఉంటాం కాబట్టి ఎవరి అవతారం ఎవరికీ వింతగా తోచదు.

ఒకరోజు తల్లిదండ్రుల గ్రూపులో కోచ్ గారి మెసేజ్ పడింది. "మొహానికి గుడ్డ కట్టుకున్న వ్యక్తి ఎవరో వెనక గోడ మీంచి పిల్లల్ని వీడియో తీస్తున్నారని మన పిల్లలు చెప్పారు. సంగతి తేలేదాకా ప్రాక్టీసు ఆపేస్తున్నాం."

మీకు అర్థమైపోయింది. నాకు కాలేదు.

కాకపోవడానికి కారణముంది. ఆ గ్రూపులో అందరికంటే చురుకైన కల్పన గారు అప్పటికే ఆనవాళ్ళు సేకరించేశారు. ఆవిడ కూతురూ మా హరితా ఒకే జట్టు. వెంటనే నాకు ఫోన్ చేశారు.

"మగాడేనంటండీ. చొక్కా వేసుకున్నాడంట. గోడ మీంచి నడుందాకా కనబడ్డాడంటే ఆరడుగుల పైమాటే."

నేను మడమలెత్తి నిలబడితే అయిదడుగులు. కాబట్టి నా మీద నాకు అనుమానం రాలేదు. వచ్చిందల్లా వణుకు. రోజూ అక్కడే ఉంటున్నానే, నాకు కనబడకుండా ఎలా వచ్చాడు? అంటే వాడు నా పక్కనే నిలబడ్డాడన్నమాట.

"వదలకూడదండీ వాణ్ణి" అన్నాను.

"మాది బందరండీ, చేపల యాపారం. మా అన్నయ్యతో చెప్పి పెద్ద వల తెప్పిస్తా. టైర్ల మీద పరిచామంటే సొరచేపైనా కదల్దు."

"తెప్పించండి" అన్నాను, మనస్ఫూర్తిగా.

నవ్వు అక్కడితో సరి. ఆ ఆదివారమే జిల్లా జట్టు ఎంపికలు. ప్రాక్టీసు లేదు. ఇద్దరు తల్లిదండ్రులు పిల్లల్ని పూర్తిగా మానిపించేస్తామన్నారు. హరిత వరండాలో గోడకేసి బంతి కొడుతూ, "ఇంక మమ్మల్ని పంపరా అమ్మా?" అంది, నా వైపు చూడకుండా. ఆ గొంతు విన్నాక ఆ గోడ మీది వెధవను నా చేత్తోనే బందరు వలలో చుట్టాలనిపించింది.

మర్నాడు అకాడమీలో సమావేశం. మావారు కూడా కొట్టు వదిలి వచ్చారు.

"కెమెరాలో పడిందండీ. ముందు అకాడమీ కమిటీవాళ్ళం చూసి, తర్వాత..." అన్నారు మీరావలి గారు.

"కుదరదండీ. అందరి ముందూ వెయ్యండి. దాచేదేముంది?" అన్నాను.

వేశారు. తెర మీద నల్లద్దాల మనిషి టైర్లెక్కుతూ ఒకసారి జారాడు.

"ఎక్కడం కూడా చేతకాదు ఎదవకి" అన్నారు కల్పన గారు.

"ఆ చొక్కా చూడండి, ఇస్త్రీ మొహం ఎరగదు" అన్నాను నేను.

మావారు నా చెవి దగ్గరకి వంగారు. "అది నా చొక్కాలా ఉందే."

"ఊరుకోండి. అలాంటివి ఊళ్ళో బోలెడు."

తెర మీద ఒక పిల్ల సర్వీస్ చేసింది. బంతి వల దాటి అవతలి మూలన పడింది. అప్పుడా నల్లద్దాల మనిషి ఫోను జేబులో పెట్టాడు. గ్లౌజులు తీశాడు. రెండు చేతులూ ఆ పిల్ల వైపు చాచి, వెనక్కి తెచ్చి, కణతలకి ఆనించి, పటపటా మెటికలు విరిచాడు.

కోచ్ గారు వీడియో అక్కడే ఆపారు.

"ఎత్తుకెళ్ళేవాడు దిష్టి తీస్తాడేంటండీ?" అన్నారు కల్పన గారు, నెమ్మదిగా.

"సర్వీస్ చేసింది హరిత" అన్నారు కోచ్ గారు, ఇంకా నెమ్మదిగా.

ఇరవై తలలు నా వైపు తిరిగాయి. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. అది మామూలువాళ్ళ సంగతి. నేను గొయ్యి తీసి, పైన కెమెరా బిగించి, ఊరందర్నీ పిలిచి కూర్చోబెట్టి మరీ పడ్డాను.

"గ్యాలరీలోకి రానని ఒట్టేశానండీ... అందుకని..." అని నసిగాను.

మీరావలి గారు నవ్వలేదు. "భయపడటం తప్పు కాదమ్మా. నాకూ ఇద్దరు ఆడపిల్లలు. గోడ ఎక్కాల్సిన పన్లేదు, అంతే. మీరు రాసిన రూలు పనిచేసింది చూశారా? పిల్లలు చూశారు, దాచకుండా చెప్పారు. మేం ఆపాం. రేపట్నుంచి ప్రాక్టీసు."

కల్పన గారు నా భుజం మీద చెయ్యేశారు. "పోన్లెండి. ఆ మూల గోడెక్కితే మా పిల్ల కూడా కనబడుద్దా?"

నేను కోచ్ గారి వైపు తిరిగాను. "ఇంతకీ మొదట చెప్పిన పిల్లెవరండీ?" అని అడిగాను.

ఆయన కాస్త తటపటాయించారు. "హరితేనమ్మా."

బయట ఆగి ఉన్న హరితను స్కూటీ ఎక్కించుకుని ఇంటికి వెళ్తూ నోరు తెరిచాను. "నన్ను గుర్తుపట్టలేదుటే?"

"లేదు. ఎవరో మమ్మల్నే చూస్తుంటే భయమేసింది. చెప్పేశా." మళ్ళీ తనే అడిగింది. "తెలిసినవాళ్ళైతే చెప్పకూడదా?"

"చెప్పాలి" అన్నాను. ఇంకేమనను?

"అయితే మళ్ళీ కనబడితే మళ్ళీ చెప్తా. ఈసారి పేరుతో సహా చెప్తా."

అప్పుడు నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో నల్లద్దాల వెనక ఎవరికీ కనబడలేదు. నేను లేకపోయినా నా పిల్ల నోరు విప్పగలదు. అంతకంటే నాకు కావలసిందేముంది?

కాబట్టి ఇది చదువుతున్నవారందరి సాక్షిగా, బెజవాడ సూర్యుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా కూతుర్ని చూడాలంటే గేటులోంచి, మొహం విప్పుకుని, పేరు చెప్పి మరీ వెళ్తాను. ఎంత ఎండకైనా మాడి మసైపోతాను గానీ, మళ్ళీ మగాణ్ణి మాత్రం కాను.