చర్చి శిఖరం దాటిన నీళ్లు

కెప్టెన్ ఎనాస్ విట్లాక్ మా వెర్మాంట్ కొండల్లో కమ్మరి పని నేర్చుకున్నవాడు. సిపాయిగా యుద్ధానికి వెళ్లి కెప్టెన్‌గా తిరిగొచ్చాడు. వచ్చాక మంటలార్పే చేతి పంపుల కార్ఖానా పెట్టాడు. ఊరి పాలకవర్గానికీ ఎన్నికయ్యాడు. ఆయన పంపులకు పిస్టన్లు బిగించింది నేనే.

ఒక చలికాలం కార్ఖానాకు పని పూర్తిగా తగ్గిపోయింది. ఊరు కొత్త పంపు మా దగ్గర కొంటే నిలబడతాం, లేకుంటే తాళమే. మార్చిలో ఊరి సభ జరిగింది. కొట్టు నడిపే ఒబెడ్ టట్టిల్ బోస్టన్ పంపే కావాలన్నాడు.

కెప్టెన్ లేచాడు. "నా పంపు నీళ్లు చర్చి శిఖరం మీద గాలివాటం చూపే రేకు కోడిని దాటకపోతే బోస్టన్‌దే కొనుక్కోండయ్యా!"

సభ మొత్తం మంచులోకి పరిగెత్తింది. బయట సిద్ధంగా పెట్టిన మా పంపుకు రెండు వైపులా మనుషులు నిలబడ్డారు. "ఎత్తు! దించు!" అని కెప్టెన్ కవాతు చేయించాడు. నీళ్లు సరిగ్గా ఆయన కాళ్ల దగ్గరే పడ్డాయి.

"కెప్టెన్ గారూ, మా ఆవిడ ఉమ్మినా ఇంతకంటే దూరం పడుతుందండీ!" అన్నాడు టట్టిల్.

కెప్టెన్ పంపు విప్పాడు. పిస్టన్ పక్కల నుంచి నీళ్లు జారకుండా పట్టే తోలు చలికి పగిలిపోయి ఉంది. వేరే తోలు కోసం ఏటి అవతల కార్ఖానాకు వెళ్లొచ్చేలోగా జనం ఇళ్లకు పోతారు. ఆయన మంచులో చతికిలబడి బూటు లాగి, కత్తి తీశాడు.

"అయ్యో, కవాతు బూట్లండీ అవి! ఒకటి కోసేస్తే రెండోది ఏం చేసుకుంటారు?" అని భార్య లొవీనా కేకేసింది.

"రెండో పంపుకి దాచవే! ముందు సభ భోజనాలకి డోనట్లు వేయించిన ఆ కొవ్వు పట్రా!"

తోలు గుండ్రంగా కోసి, కొవ్వు రుద్ది బిగించాం. పంపంతా ఘుమఘుమలాడింది. కెప్టెన్ ఒంటికాలి మీద గెంతుతూ "ఎత్తు! దించు!" అన్నాడు. నీళ్లు సర్రున లేచి కోడిని దాటిపోయాయి.

"దాటిందా?" అని అరిచాడు.

చర్చికి అవతలి వైపు నిలబడి చూస్తున్నది టట్టిలూ అతని మనుషులూ. "దాటింది బాబోయ్! ఆపండ్రా!" అని కేకలొచ్చాయి. సరిగా వినపడలేదని మావాళ్లు ఇంకాస్త గట్టిగా కొట్టారు.

సభ మళ్లీ కూర్చుంది. మా పంపు కొనేవాళ్లు చెయ్యెత్తమంటే, నీళ్లోడుతున్న టట్టిల్ చెయ్యే ముందు లేచింది. కెప్టెన్ ఒక్కడే ఎత్తలేదు. తన సరుకుకు తాను ఓటేయడం మర్యాద కాదన్నాడు. నిజానికి ఆయన రెండు చేతులతో గడ్డకట్టిన పాదం రుద్దుకుంటున్నాడు.