అమీర్‌పేటలో తెగిన మాట

మొన్న అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో ప్లాట్‌ఫారం టికెట్ ఒకటి ఇమ్మంటే, కౌంటర్‌లోని అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, "ఎక్కడికి పోవాలె అంకుల్?" అంది. నేనెక్కడికీ పోనమ్మా, మా మేనమామను రైలెక్కించాలి అన్నాను. అలాంటి టికెట్టే లేదట. పంజగుట్టలోని మా ఇంటికి హాయిగా నడిచిపోయేవాణ్ణి, ఆ ఒక్క స్టేషన్ దూరానికి టికెట్ కొంటే తప్ప లోపలికి అడుగుపెట్టలేకపోయాను. సాగనంపేవాడికి చోటులేని స్టేషన్‌ను చూస్తే ఒళ్ళు మండిపోయింది.

నాకు రైళ్ళ పిచ్చి అంటించింది మేనమామే. ఆయన బొంబాయి మిల్లులో పనిచేసేవాడు; సెలవులు ముగిసి తిరిగి వెళ్ళే రోజున ఇంటిల్లిపాదీ బేగంపేట స్టేషన్‌కు తరలిపోయేవాళ్ళం. బొగ్గు ఇంజను ఎంత తీరిగ్గా కదిలేదో మన ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. కిటికీ ఊచలు పట్టుకుని మేము పక్కనే నడుస్తుంటే ఆయన తలుపు దగ్గర నిలబడి "పోయొస్త" అనేవాడు. ఎవరైనా నోరుజారి ఉత్త "పోత" అంటే అమ్మ ఊరుకునేది కాదు. ఒకసారి మేనమామే తొందరలో "పోతున్ననే అక్కా" అనేశాడు. అమ్మ కొంగు బిగించి రైలు వెంట ఉరికి, "వస్త అను, వస్త అనురా" అంటూ ఆ మాట అనిపించుకునేదాకా వదల్లేదు. రైలు కూడా అందుకు కావలసినంత నెమ్మదిగానే పోయింది.

ఇప్పుడాయన నాగోలులో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఈ మధ్యే ఆస్పత్రి నుంచి బయటపడి, నన్ను చూడాలని పట్టుబట్టి వచ్చాడు. మళ్ళీ ఇంతదూరం రాగలడన్న నమ్మకం ఆయనకూ లేదు, నాకూ లేదు. అందుకే కనీసం రైలెక్కించేటప్పుడైనా నాలుగు మాటలు చెప్పుకుందామనుకున్నాను. ఆ స్టేషన్‌లో అదెక్కడ సాధ్యం! ముందేదో వెనకేదో తెలియని పెట్టెలు, తెరవడానికి వీల్లేని కిటికీలు, అది చేయకండి ఇది చేయకండి అని మూడు భాషల్లో మందలింపులు, చేతిలోని ఫోను మీంచి కళ్ళెత్తకుండా నెట్టుకుపోయే కోచింగ్ పిల్లలు. మేనమామ చేయి పట్టుకుని నిలబడితే గార్డు వచ్చి, "ఎక్కుతరా లేదా సార్? జర ఎన్కకు జరుగుండ్రి" అని గద్దించాడు.

మేనమామ ఎక్కి, గుంపులోనే ఎలాగో ఇటు తిరిగి, "పోయి" అన్నాడు. తలుపులు మూసుకున్నాయి. అద్దం వెనక పెదవులు కదిలాయేమో, మధ్యలో ఎవరిదో బ్యాగు అడ్డమొచ్చింది. అమ్మలాగా నేనూ నాలుగడుగులు ఉరికానో లేదో, గార్డు ఈల ఊదాడు.

వేళ తప్పని రైలని అందరూ మెచ్చుకుంటారు. ఒక ముసలాయన నోట్లోని మాట పూర్తయ్యేదాకా ఆగలేని రైలును నేను మాత్రం మెచ్చుకోలేను. ఇంటికి రాగానే ఫోన్ చేశాను. చేరావా అనైనా అడక్కుండా, ముందు ఆ మాట పూర్తిగా చెప్పమన్నాను. మేనమామ నవ్వాడు.

"గది రైలుకాడ చెప్పే మాటరా, ఫోన్ల చెప్తరా?" అన్నాడు.

ఎంత బతిమాలినా చెప్పలేదు. అప్పటినుంచీ, చూస్తేనే కంపరమెత్తే ఆ స్టేషన్‌కు ఆయన ఇంకొక్కసారి రావాలని రోజూ కోరుకుంటున్నాను.