కూర్చునేవాళ్ళకు బెంచీలు

నాకు ముక్కు మీదే కోపమని మా స్టాఫ్ రూములో అందరూ అంటారు. ఉంటే ఉంది. ఆ బెంచీలు కంటపడినప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది, దాన్ని దాచుకోవడం నా వల్ల కాదు. సత్తెనపల్లి వెళ్ళే రోడ్డు పక్కన, పాత మిర్చి గోడౌను గోడ వెంబడి, నున్నటి గ్రానైటు బెంచీలు వరసగా వేశారు. వాటి మీద ఎవరూ కూర్చోరు. పదిగంటలకే పెనంలా కాలుతుంటాయి.

అంతకుముందు అక్కడ రేకుల పందిరి ఉండేది. దాని కింద మా పేట ఆడవాళ్ళు ఎండుమిరపకాయలకు ముచ్చికలు, అదే తొడిమలు, తీసేవాళ్ళు. వ్యాపారుల మనుషులు బస్తాలు తెచ్చి కుమ్మరించి పోతే, వీళ్ళు పట్టాలు పరుచుకుని, మూతికి తువ్వాలు కట్టుకుని, పొద్దుగూకేదాకా ఒక్కొక్క కాయా చేత్తో పట్టుకుని ముచ్చిక తుంచుతారు. తుమ్మీ తుమ్మీ ముక్కులు ఎర్రబడతాయి. ఇంటికొచ్చి ఆముదం రాసుకున్నా చేతుల మంట తగ్గదు.

మా అమ్మ ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళూ పత్తి తీతకీ మిరపకోతకీ పొలాలకు వెళ్ళింది. నా చిన్నప్పుడు కోతల కాలంలో మా ముఖాలు చేత్తో తుడిచేది కాదు, మోచేత్తో తుడిచేది. అదొక ముద్దు అనుకునేవాళ్ళం. మోకాళ్ళు అరిగిపోయాక పొలం గట్టు ఎక్కలేకపోయింది. మా ఇంటికి నాలుగడుగుల దూరంలో ఉన్న ఆ పందిరొక్కటే ఆమెకు మిగిలింది. నాకు జీతం వస్తోంది కదా, ఇంటిపట్టున ఉండమంటే "నీ చేతి కింద బతకమంటావా?" అనేది. నేను బ్యాగు తీసుకుని బడికి బయల్దేరేదాన్ని.

ఇక్కడొక మాట సంగతి చెప్పాలి. మా పేటలో పని అంటే పొలం పనే. పనికి పోయిందంటే చేలోకి పోయిందని అర్థం. ముచ్చికలు తీయడాన్ని ఎవరూ పని అనరు. "కాయల దగ్గర కూర్చోవడం" అంటారు. నడుం పడిపోయేలా చేసినా అది కూర్చోవడమే.

ఊరిని బాగుచేసే పథకం వచ్చినప్పుడు, దానివల్ల ఎవరికి మేలు, ఎవరికి నష్టం, ఆడవాళ్ళకూ బీదవాళ్ళకూ అన్యాయం ఏమైనా జరుగుతుందా అని తేల్చడానికి ఒక సర్వే పెట్టారు. మంచిదే. పట్నం నుంచి ఒక అమ్మాయి ట్యాబ్ పట్టుకుని ఆదివారం మా ఇంటికి వచ్చింది. నేను చర్చి నుంచి ఇంకా రాలేదు. అమ్మ తెల్లచీరలో వాకిట్లో మంచం మీద ఉంది. ఏం జరిగిందో తర్వాత ఆమే చెప్పింది.

"ఏం పని చేస్తారమ్మా?" అని ఆ అమ్మాయి అడిగిందట.

"పనికి పోవట్లేదు తల్లీ. మోకాళ్ళు పోయినయ్. ఊరికే ఆ గోడ పక్కన కూర్చుంటన్నా."

"మిగతా ఆడవాళ్ళు?"

"అందరం అక్కడే. నీడ ఉంటది గదా, కూర్చోటానికి."

పాపం ఎండన పడి వచ్చిందని అమ్మ ఆ పిల్లకు టీ కూడా పెట్టిచ్చింది. ఎంత మర్యాదగల పిల్లో అని నాతో రెండుసార్లు అంది.

నెల తిరక్కుండానే మున్సిపల్ ఆఫీసు హాల్లో సభ పెట్టి సర్వే ఫలితం తెర మీద చూపించారు. కన్సల్టెంటు గారు చేతులు తిప్పుతూ వివరించాడు. ఆ గోడ పక్క జాగా ఫోటో వచ్చింది. కింద "ఖాళీ స్థలం" అని రాసి ఉంది. ఉపాధి కోల్పోయేవారు ఎవరూ లేరట. మహిళలు అక్కడ విశ్రాంతిగా కూర్చునే అలవాటు ఉందట. కాబట్టి పాత రేకులు పీకేసి, వాళ్ళు గౌరవంగా కూర్చునేందుకు బెంచీలు వేస్తారట. సమానత్వం అంటే ఇదీ అన్నట్టు ముందువరస వాళ్ళు చప్పట్లు కొట్టారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడ్డాను.

"విశ్రాంతా? ఒక్కపూట వచ్చి ఆ ఘాటులో ఊపిరి పీల్చి చూడండి సార్. మా అమ్మ పొద్దస్తమానం అక్కడ చేసేది ఏంటనుకుంటున్నారు?"

"టీచర్ గారూ, మేం సొంతంగా రాయలేదండి. ఊరికే కూర్చుంటామని వాళ్ళే చెప్పారు," అన్నాడు కన్సల్టెంటు.

నా పక్కన కూర్చున్న అమ్మ మైకు అందుకుంది. "కూర్చుంటామనే చెప్పా బాబూ. ముచ్చికలు నిలబడి తీస్తారా ఎవరైనా?"

హాలంతా నవ్వింది. వేదిక మీదున్న మున్సిపల్ అధికారి కూడా నవ్వాడు. "సరే, నోట్ చేసుకున్నాం. కూర్చోండమ్మా, కూర్చోండి," అన్నాడు. మమ్మల్ని కూర్చోమనేవాళ్ళకు మాత్రం కొదవ లేదు.

వాళ్ళు నోట్ చేసుకున్నది ఏమిటో రేకులు పీకేశాక తెలిసింది. మహిళల విజ్ఞప్తి మేరకు బెంచీల సంఖ్య పెంచారట. గాడిద గుడ్డేం కాదూ! ఎవరడిగారు మిమ్మల్ని బెంచీలు? ఒక్క పూట, ఒక్క మనిషి, ఆ గోడ దగ్గరకొచ్చి కళ్ళతో చూసి ఉంటే సరిపోయేది. చూడలేదు. అడిగిన ఆ పిల్ల కూడా వీధి చివరిదాకా నడిచి చూడలేదు.

నీడ పోయాక వ్యాపారులు బస్తాలను బైపాస్ దగ్గరి షెడ్లకు తరలించారు. పొద్దున్నే ట్రక్కు ఆటో వచ్చి మనుషుల్ని ఎక్కించుకుపోతుంది. ఎక్కగలిగినవాళ్ళు ఎక్కుతున్నారు. అమ్మ ఒకరోజు ప్రయత్నించింది. ఇద్దరు కింద నుంచి ఎత్తినా మోకాలు పైకి లేవలేదు. డ్రైవరు హారను కొట్టాడు.

తర్వాత బతిమాలి ఒక బస్తా తెప్పించుకుని, గోడ పక్కనే బెంచీల మధ్య నేల మీద పట్టా పరుచుకుంది. కాపలా మనిషి వచ్చాడు. అతనూ మా పేటవాడే. "కింద కూర్చోనియ్యొద్దన్నారు పెద్దమ్మా. పైన కూర్చో, ఎంతసేపైనా కూర్చో," అన్నాడు. బెంచీ ఎక్కి ఒళ్ళో కాయలు పోసుకుంటే ఆ నునుపు మీద అన్నీ జారి రోడ్డున పడ్డాయి. ఏరుకుని ఇంటికొచ్చేసింది. ఆ రోజు ఆముదం సీసా తీయలేదు.

మొన్న ఆదివారం ఆ సర్వే అమ్మాయే మళ్ళీ వచ్చింది. పథకం పూర్తయ్యాక జనం ఎలా ఉన్నారో అడగాలట. నేను ఇంట్లోనే ఉన్నాను. గుమ్మంలోనే నిలదీసి కడిగేద్దామని లేచాను. అమ్మ చెయ్యి అడ్డం పెట్టి, ఆ పిల్లను మంచం మీద కూర్చోబెట్టింది.

"మీ వివరాలు పాతవి ఉన్నాయమ్మా. పని లేదు అని ఉంది. ఏమైనా మార్చాలా?" అంది ఆ పిల్ల.

అమ్మ తన అరచేతులు చూసుకుంది. మంట లేకుండా, మెత్తబడి ఉన్నాయి.

"మార్చొద్దులే తల్లీ," అంది. "అప్పుడు తప్పు రాసుకున్నావు. ఇప్పుడు సరిపోయింది."