ఆట నెమ్మదిగా ఉందని చెప్పిన వీడియో

మా అక్క మొగుడికి తిరుపతిలో పాత వీడియో గేముల దుకాణం ఉంది. చెడిపోయినవి బాగు చేస్తాడు, వాడినవి కొని అమ్ముతాడు. దుకాణం వెనక కిటికీ లేని చిన్న గదిలో కూర్చుని, ఇంకా విడుదల కాని ఆటల గురించి వీడియోలు చేసేవాడు. ఫైటింగ్ ఆటలు, షూటింగ్ ఆటలు తప్ప మిగతావి ఆయనకు పట్టవు. కొత్త ఆట వస్తోందంటే కంపెనీ వాళ్లు ముందుగా ఒక ముక్క వదులుతారు. దాన్ని ఆడి చూపిస్తూ, మన చిత్తూరు మాటల్లోనే బాగోగులు చెప్పేవాడు. ఆట పూర్తిగా వచ్చాక మళ్లీ ఒక రివ్యూ. యాభై దాటిన మనిషి, "ఈ తుపాకి సూసేదానికి ఏనుగు మాదిరి ఉండాది, పేలితే మాత్రం తడిసిన టపాకాయబ్బా" అంటుంటే కాలేజీ పిల్లలు వెతుక్కుని వచ్చి చూసేవారు.

ఆ వీడియోల్లో లెక్క నాది. పూతలపట్టు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లారీలు తూచే కాటా దగ్గర నేను పనిచేస్తాను. నా చదువు పదో తరగతితో ఆగింది. అయినా ఏ సంగతీ కొలిచి చూస్తే తప్ప నాకు మనసొప్పదు. టీవీ తెర మీద సెకనుకు అరవై బొమ్మలు మారతాయని తెలిశాక, గుద్దు మొదలైన బొమ్మ నుంచి తగిలిన బొమ్మ దాకా లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఏ గుద్దు వేగమో, దేన్ని అడ్డుకోవచ్చో, దేన్ని అడ్డుకోలేమో అలా తేలిపోతుంది. తర్వాత ఇంకో పద్ధతి పట్టాను. ఫోన్‌ను స్టాండుకు బిగించి, బావ చేతులు, టీవీ రెండూ పడేలా నెమ్మది వీడియో తీస్తాను. బొటనవేలు బటన్‌ను నొక్కిన క్షణానికీ తెర మీద బొమ్మ కదిలిన క్షణానికీ మధ్య ఎంత ఎడముందో చూస్తాను. ఆ ఎడం ఎక్కువైతే ఆట మందకొడి అని అర్థం. ఇదంతా నాకు ఎవరూ నేర్పలేదు.

"మా బామ్మర్ది లారీల మాదిరే గుద్దుల్ని గూడా కాటా మీద పెడతాడు" అని బావ ప్రతి వీడియోలోనూ ఎగతాళి చేసేవాడు. నేను ఆయన మీద ఒక్క రౌండు కూడా గెలిచింది లేదు. "నీకు లెక్క వస్తాది గానీ తన్నేది రాదబ్బా. పో, పోయి మామిడికాయలు తూసుకో" అనేవాడు.

పోయిన ఏడాది కాయల సీజను ముగిసే రోజుల్లో ఒక పెద్ద ఫైటింగ్ ఆట రాబోతోందని గోల మొదలైంది. విడుదలకు ముందు అందరూ ఆడి చూసేందుకు రెండు రోజులు మాత్రమే తెరిచారు. అందులో ఒకటి ఆదివారం. నేను బస్సు దిగి దుకాణానికి వెళ్లేసరికి బావ చిరాగ్గా ఉన్నాడు.

"ఏమి ఆటబ్బా ఇది. బటన్ నొక్కితే వానికి వినపడేదానికే పొద్దుపోతాండాది. అడ్డం పెడ్తాండా, అయినా తగులుతాండాది."

ఫోన్ బిగించి చేతుల వీడియో తీశాను. లెక్క తేలాకే వీడియో పెట్టడం మా అలవాటు. కానీ మిగతా ఛానళ్ల వాళ్లు అప్పటికే పెట్టేశారని బావ ఆగలేదు. ఆ సాయంత్రమే, "ఆట మందకొడిగా ఉండాది, బటన్లు పలకడం లేదు, కొనొద్దండి" అని చెప్పి పెట్టేశాడు. నేను ఆఖరి బస్సుకు బయల్దేరాను.

రెండో రోజుకే వీడియో కింద వ్యాఖ్యలు నిండిపోయాయి. మాకు బాగానే ఉంది, మీకే ఏమైందని చాలామంది అడిగారు. పెద్దాయనకు వయసైపోయింది, ఇంక మనవళ్లను ఆడించుకోమని ఒకడు రాశాడు. దాని కింద నవ్వుతున్న ముఖాలు వరసగా ఉన్నాయి. బావ ఫోన్ చేశాడు.

"నీ లెక్క ఎప్పుడిస్తావబ్బా? ఈ నా కొడుకుల నోళ్లు మూయించల్ల."

కాటా గదిలో లారీ లారీకీ మధ్య దొరికిన కాసేపట్లో కూర్చుని లెక్కపెట్టాను. బటన్ నొక్కిన బొమ్మ, తెర కదిలిన బొమ్మ. మధ్యలో ఎడం మామూలుగా ఉంది. మేము ముందు మెచ్చుకున్న ఆటలకంటే ఒక బొమ్మ తక్కువే. నాలుగు చోట్ల చూశాను, మారలేదు. ఆట వేగంగానే ఉంది.

మరి ఆయనకు ఎందుకు తగులుతోంది? ఈసారి ఇంకోవైపు నుంచి లెక్కపెట్టాను. తెర మీద అవతలివాడి కాలు లేచిన బొమ్మ నుంచి బావ బొటనవేలు కదిలిన బొమ్మ దాకా. అంతకుముందు ఎప్పుడూ దాన్ని కొలిచే అవసరం రాలేదు. మేము ఆటను కొలిచేవాళ్లం, ఆడేవాణ్ణి కాదు.

పాత వీడియోలు నా దగ్గరే ఉన్నాయి. ఏడాది కిందటిదీ, ఆరు నెలల కిందటిదీ తీసి దీని పక్కన పెట్టి చూశాను. ఏడాది కిందట పద్దెనిమిది బొమ్మల్లో కదిలిన కుడి బొటనవేలు ఇప్పుడు ఇరవై ఎనిమిదికి గాని కదలడం లేదు. వయసు వల్ల అనుకుందామంటే ఎడమచేయి ఎప్పటిలాగే ఉంది. వయసు ఒక చేతికే వస్తుందా?

అప్పుడే ఇంకో సంగతి మనసుకు తట్టింది. ఆ వేసవిలో ఒక షూటింగ్ ఆటకు ప్రివ్యూ చేస్తూ, గురి దానంతట అదే పక్కకు జారిపోతోందని బావ కంట్రోలర్‌ను తిట్టాడు. బొటనవేలితో గురి తిప్పే పుల్ల అరిగిందన్నాడు. కొత్తది తెచ్చాడు, అదీ జారుతోందని ఇంకొకటి తెచ్చాడు. గేముల దుకాణం వాళ్లకు ఇది రోజూ ఉండే తంటా కాబట్టి మేమెవరం అనుమానపడలేదు. తర్వాతి ఆదివారం దుకాణంలో ఆ రెండు పాతవీ వెతికి, టీవీకి కలిపి, తాకకుండా బల్ల మీద పెట్టాను. గురి ఎక్కడిదక్కడే నిలబడింది. రెండింట్లోనూ ఏ లోపమూ లేదు. పుల్ల మీదున్న బొటనవేలే దాన్ని పక్కకు నెట్టేది.

బావ భోజనం ముగించి వచ్చాడు. రాగానే, "లెక్క తెచ్చినావా?" అన్నాడు.

ఫోన్‌లో రెండు వీడియోలనూ ఒకదాని కింద ఒకటి పెట్టి చూపించాను. పైన ఏడాది కిందటి చేయి, కింద ఇప్పటి చేయి. రెండూ ఒకే రకం తన్నును ఎదుర్కొంటున్నాయి. పైన వేలు నొక్కి, వదిలి, మళ్లీ సిద్ధంగా పైకి లేచింది. కింద వేలు ఇంకా బయల్దేరలేదు.

ఆయన రెండోసారి పెట్టమన్నాడు. మూడోసారి తనే పెట్టుకున్నాడు.

"ఆటది కాదంటావా?"

"కాదు బావా."

"కంట్రోలర్‌ది?"

"అదీ కాదు. ఇప్పుడే సూసినా."

బావ ఫోన్‌ను బల్ల మీద బోర్లించాడు. తర్వాత కంట్రోలర్ నా చేతిలో పెట్టాడు. "నువ్వు ఆడు. నాతో ఆడు" అన్నాడు.

"నాకు రాదు కదా బావా."

"రానోడివి గాబట్టే ఆడమంటాండా."

ఇష్టం లేకుండానే కూర్చున్నాను. పాత ఆట ఒకటి పెట్టాడు, ఇద్దరికీ బాగా తెలిసినదే. మొదటి రౌండులో కావాలనే తప్పులు చేశాను. "నాటకాలాడొద్దు" అన్నాడు, తెర మీంచి చూపు తిప్పకుండా. రెండో రౌండు మామూలుగా ఆడాను. ఆయన వేయాలనుకున్న ప్రతి దెబ్బా మనసులో ముందే ఉంది, అది నాకు తెలుస్తూనే ఉంది. ఏ దెబ్బకు ఏది అడ్డం పెట్టాలో ఆయనకు తెలిసినంత నాకు ఈ జన్మలో తెలియదు. కానీ చేయి వెనకే ఉండిపోయింది. నేను గెలిచాను. మూడోదీ గెలిచాను. గెలుపు అంత రోతగా ఉంటుందని నేను అనుకోలేదు.

ఆయన కంట్రోలర్‌ను ఒళ్లో పెట్టుకుని నవ్వడానికి చూశాడు. "కాటా దగ్గరోడు కొట్నాడబ్బా నన్ను. ఇంగ దుకాణం మూసేయొచ్చు."

అక్క టీ తెచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి చూస్తోందో తెలియదు.

"సొక్కా గుండీలు నేనే పెడ్తాండా, మూడు నెల్లాయ" అంది నాతో. "అన్నం గూడా నిదానంగా కలుపుతాండాడు. నడిసేటప్పుడు ఆ చెయ్యి ఊగదురా. అడిగితే, ఆటలాడి ఆడి నొప్పి అంటాడు."

"నువ్వుండవే" అన్నాడు బావ. "నొప్పే."

"నొప్పి అయితే నూనె రాయనిస్తావు గదా. చెయ్యి తాకనీవే."

బావ తల వంచుకుని ఆ చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు.

ఆ వారంలోనే నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాం. డాక్టరు యంత్రాలేమీ పెట్టలేదు. బొటనవేలూ చూపుడువేలూ టకటకా తాకించమన్నాడు. ఎడమచేతివి తాకాయి. కుడిచేతివి మొదట బాగానే తాకి, పోనుపోనూ చిన్నవై, మధ్యలో ఆగిపోయాయి. వరండాలో నడిపించి చూశాడు. ఒక కాగితం మీద ఏదైనా వాక్యం రాయమన్నాడు. బావ దుకాణం చిరునామా రాశాడు. అక్షరాలు చివరికి వచ్చేసరికి ఆవగింజలంత అయ్యాయి.

"వణుకుడు జబ్బు ఇది. వణుకు ఇంకా మొదలు కాలేదు, అంతే" అన్నాడు డాక్టరు. మాత్రలతో కొన్నేళ్లు పనులు జరుగుతాయనీ, జబ్బు మాత్రం పూర్తిగా పోదనీ దాచకుండా చెప్పాడు. నడక, రాత, పోనుపోనూ గొంతు కూడా తగ్గవచ్చన్నాడు.

మెట్లు దిగుతూ బావ నా భుజం పట్టుకున్నాడు. "ఆయప్ప నీకంటే మేలబ్బా. కెమెరా లేకుండానే కనిపెట్నాడు." అక్క నవ్వలేదు. ఆటో ఎక్కాక బావ నా వైపు తిరిగి, "ఇంగ నాకాడ ఏదీ దాయొద్దు. తగ్గితే తగ్గిందని చెప్పు" అన్నాడు. సరేనన్నాను.

మాత్రలు వేసుకున్న గంటకు చేయి కొంచెం తేలికవుతుంది. మరి కొన్ని గంటలకు మళ్లీ బరువెక్కుతుంది. బాగు చేసే పనులను బావ ఆ తేలిక వేళలకు సర్దుకున్నాడు. సన్నని మరలు మాత్రం అక్క తిప్పడం నేర్చుకుంది. వీడియోలు ఆగిపోయాయి. ఆట మందకొడి అని పెట్టిన ప్రివ్యూ అలాగే ఉండిపోయింది. కింద నవ్వు ముఖాలు పెరుగుతూనే ఉన్నాయి. తీసేద్దాం బావా అంటే ఒప్పుకోలేదు.

"తీసేస్తే తప్పు చెప్పి పారిపోయినాడంటారు. ఆట రానీ."

ఆట వచ్చింది. రివ్యూ చేసి తీరాల్సిందేనన్నాడు. ఆడటానికి నన్ను కూర్చోబెట్టి, పక్కన మైకు ముందు తను కూర్చున్నాడు. నేను ఓడిపోతుంటే మాటలతో నడిపించాడు. ఏ పాత్ర బలమెంతో, ఏ దెబ్బ ఎక్కడ పనికొస్తుందో, చూడనివాడికి కూడా కళ్లకు కట్టేలా చెప్పాడు. నేను చేసిన వెధవ తప్పులకు మధ్యమధ్యలో తిట్టాడు కూడా. చివరికి వచ్చేసరికి నన్ను ఆట ఆపమన్నాడు.

"ముందు వీడియోలో ఈ ఆట మందకొడి అన్నా. అది తప్పు. బటన్లు బాగా పలుకుతాండాయి. మా బామ్మర్ది కొలిచినాడు. మందకొడి అయింది నా కుడిసెయ్యి. నరాల జబ్బంట. ఆ ఆట చేసినోళ్లు నన్ను మన్నించల్ల. కొనుక్కోండి, మంచి ఆట."

అక్క గది బయట నేల మీద కూర్చుని ఉంది. లోపలికి రాలేదు.

వీడియో కత్తిరించి సర్దడానికి నేను చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. మైకు అదే, దూరం అదే. బావ మాట మాత్రం ఆట చప్పుళ్ల కింద మునిగిపోతోంది. ఒకటి రెండు చోట్ల అసలు వినిపించలేదు. శబ్దం పెంచాను. ఇంకా పెంచాను. నా చేయి ఎక్కడికి వెళ్తోందో ఆయన వెనక నుంచి చూస్తున్నాడు.

"గొంతు ఎట్లుండాది?"

హెడ్‌ఫోన్ దించి, "తగ్గింది బావా" అన్నాను.

"ఎంత?"

"కొలవలేదు."

కుర్చీ దగ్గరికి లాక్కుని, నా పక్కన కూర్చున్నాడు. ఎడమచేత్తో తెర వైపు చూపించాడు.

"పాత వీడియో దీని పక్కన పెట్టు. కొలిచి సూడు."