బాయి ఆయిలు, నా బండి

సంతకం పెట్టమని నాయన తెచ్చిన కాగితాన్ని మడిచి బియ్యం డబ్బా మీద పెట్టాను. నన్ను ఊళ్లు తిరిగే పని నుంచి తప్పించి ఇల్లందులో ఏదైనా ఆఫీసు పనికి మార్చమని దరఖాస్తు. రాసింది నాయన, అడిగేది మాత్రం నేనట!

సెల్‌ఫోనుకు సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిన రోజులవి. ములకలపల్లి అవతల, అడవి అంచు గూడేల్లో పిల్లలకు టీకాలు వేసే నర్సుగా పనిచేసేదాన్ని. బస్సు తారురోడ్డు మీదే దింపేసేది. ఆ తర్వాత అంతా రాళ్లు, ఇసుక, వాగు. అందుకే సెకండ్‌హ్యాండులో గేర్ల బండి కొనుక్కున్నాను. దాని ముందు షాకబ్జర్లు చచ్చిపోయాయి. రాయి ఎక్కి దిగిన ప్రతిసారీ ఇనుము ఇనుముకు తగిలి ఠంగుమనేది, ఆ దెబ్బంతా నా మణికట్లకు వచ్చేది. బుధవారం టీకాలు ముగించి వచ్చేసరికి అవి వాచి అన్నం గిన్నె కూడా ఎత్తలేకపోయేదాన్ని. ఆ వాపు చూసే నాయన ఆ కాగితం రాశాడు.

మెకానిక్ దగ్గరికి వెళ్తే బండిని వదిలేసి నన్ను చూశాడు.

"స్కూటీ తీస్కోరాదు మేడమ్? గీ బండి ఆడోళ్లకు అక్కరకు రాదు."

నాకు ఒళ్లు మండింది. "వాగుల నీ స్కూటీ ఈదుతదా?" అని అడిగి వచ్చేశాను.

ఖమ్మం పోయి, బరువు బండ్లకు వేసే గట్టి స్ప్రింగులు, ఆయిలు కారనివ్వని కొత్త సీళ్లు, షాకబ్జర్లలో పోసే ఆయిలు తెచ్చాను. నాయనతో తేల్చి చెప్పాను: "ఇంట్లనే ఏసుకుంట. బుధవారం దాకా చూడు. బండి బాగైతే నీ కాగితం చెల్లదు. కాకుంటే సంతకం పెడ్త."

"మొండోడు రాజు కన్న బలవంతుడని ఊకె అన్నరా," అంటూనే నాయన తన పానాల సంచీ విప్పాడు. ముప్పై ఏళ్లు బొగ్గు బాయిలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఇనుము విప్పుతుంటే ఊరికే కూర్చోలేడు.

ఆదివారం ఇంజను కింద మొద్దు పెట్టి ముందు చక్రం తీశాం. షాకబ్జరు పైమూత విప్పేటప్పుడు అరచేత్తో నొక్కిపట్టకపోతే స్ప్రింగు ముఖం మీదికి ఎగురుతుందని నాయనే చెప్పాడు. సీళ్లు ఆయన మార్చాడు, స్ప్రింగులు నేను దించాను. అంతా అయ్యాక నా ఆయిలు డబ్బా వంక చూసి మూతి విరిచాడు.

"ఇది నీళ్ల లెక్కున్నది బిడ్డా. బాయి ఆయిలు పోద్దాం."

బాయి బతుకుల ఇళ్లలో ఒక నమ్మకముంది. బాయిలో వాడేదానికి మించిన సరుకు లోకంలో లేదని. మా ఇంట్లో కుట్టుమిషనుకు, గిలకకు, తలుపు బందులకు ఆ చిక్కటి ఆయిలే. నేనూ ఆ ఇంట్లో పెరిగినదాన్నే. సరే పోద్దామన్నాను.

సోమవారం బండి తీస్తే ముందుభాగం గడ్డపారలా బిగుసుకుపోయింది. మొదటి రాయికే దెబ్బ పళ్లదాకా వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. తిరిగొచ్చేసరికి నాయన మురిసిపోతున్నాడు.

"చూసినవా, ఎంత గట్టిగున్నదో!"

"మీ బాయిల మిషన్లు కదలకుండ బరువు మోస్తయి నాయనా. నాది కదలాలె," అన్నాను. నాయన లోపలికి పోయి కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టాడు. పెన్ను పక్కకు నెట్టి, కాగితం నా సంచిలో వేసుకున్నాను. నాకింకా బుధవారం దాకా గడువుంది.

మంగళవారం పని నుంచి రాగానే ఒక్కదాన్నే అంతా మళ్లీ విప్పాను. బాయి ఆయిలు వంచేసి, కిరసనాయిలుతో కడిగి, ఖమ్మం ఆయిలు పోశాను. సూది తీసేసిన పెద్ద సిరంజితో కొలిచి మరీ పోశాను. చాపమీద ముఖం గంటు పెట్టుకుని కూర్చున్న నాయన కాసేపటికి తనే లేచొచ్చి మూత నొక్కిపట్టాడు.

"రెండిట్ల సమానం పోసినవా?"

"పసిపిల్లలకు కొలిచి మందేసేదాన్ని. నన్నడుగుతున్నవా?"

బుధవారం టీకాల ఐసుడబ్బా ఒళ్లో పెట్టుకుని నాయన నా వెనక కూర్చున్నాడు, తన కళ్లతో చూస్తే గాని నమ్మనని. వాగు దిగాం. రాయి తగిలినప్పుడల్లా ముందుభాగం వంగి లేచింది. ఠంగుమనలేదు. మొదటి గూడెంలో టీకాలన్నీ వేశాను, నా మణికట్లు నావిలాగే ఉన్నాయి.

బయల్దేరబోతుంటే నాయన బండి ముందు గొంతుక్కూర్చున్నాడు. "కాగితం ఉంటే ఇయ్యి. సీలు కారుతుందో లేదో చూడాలె." బాయి ఫిట్టర్ల పరీక్ష అది. షాకబ్జరు కడ్డీకి కాగితం చుట్టి పిండితే, ఆయిలు కారుతుంటే మరక పడుతుంది.

సంచిలోంచి దరఖాస్తు తీసి ఇచ్చాను. నాయన మడత విప్పి తన చేతిరాత చూసుకున్నాడు. తర్వాత నా వంక చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు.

దాన్నే కడ్డీకి చుట్టి, గట్టిగా పిండి, లాగాడు. దుమ్ము అంటింది గాని ఆయిలు చుక్క లేదు.

"కారుతలేదు," అన్నాడు. ఆ కాగితంతోనే చేతులు తుడుచుకుని ఉండచుట్టి జేబులో కుక్కుకున్నాడు. ఐసుడబ్బా ఎత్తుకుని బండెక్కాడు.

"ఇంకో గూడెం ఉన్నదంటివి గద. నడువు."