అరిగి మళ్ల పెరిగిన ఎముక

నాకు పదకొండేండ్లప్పుడు తొక్కుడుబిళ్ల ఆడుకుంట ఒంటికాలి మీద ఎగిరితే మడమ కాడ ఎముక విరిగింది. కింద పడలేదు, ఎవ్వలు తొయ్యలేదు. కట్టు విప్పిన రెండు నెలలకే ఇంకో కాలు. దాని తర్వాత నడుము నొప్పి. సిద్దిపేటల మాకు తెలిసిన డాక్టరు, "పిల్లవి గాజు ఎముకలు, జన్మంత గింతే. బడి మాన్పియ్యుండ్రి" అన్నడు. బీడీలు చుట్టే మా అవ్వ, నన్ను కన్నతల్లి, ఆ మాట పట్టుకొని నన్ను మంచం దిగనియ్యలే.

నాయిన ఊకోలే. సైకిల్ మీద పెద్ద దవాఖానకు తీస్కపోయిండు. ఆడ కొత్తగ వచ్చిన డాక్టరమ్మ ముందుగాల నా కండ్లు చూసింది, తర్వాత పండ్లు.

"ఎముకలు విరిగితే కండ్లెందుకు చూస్తున్నరమ్మా?" అని అడిగిన.

ఆమె నవ్వి, బెంచీ మీద బుర్ఖా ఏసుకున్న తల్లి ఒళ్లో ఉన్న మూడేండ్ల పాపను చూపిచ్చింది. పాప కండ్లల్ల తెల్లగ ఉండాల్సిన జాగ లేత నీలం.

"పుట్టినప్పటి సంది ఆరుసార్లు విరిగినయ్" అన్నది తల్లి.

నా రక్తపరీక్షలు హైదరాబాద్ పోయి వచ్చినంక డాక్టరమ్మ నాయినకు విడమర్చి చెప్పింది. "వేరే రోగమేదీ లేదు. ఆ పాపకు ఎముక తయారైనప్పుడే బలం తక్కువ. అది పోదు, జాగ్రత్తగ సాకాలె. మీ బిడ్డ కండ్లు తెల్లగ, పండ్లు గట్టిగ ఉన్నయ్, అంటె ఎముక మంచిగనే తయారైంది, ఇప్పుడు పెరిగేదానికంటె అరిగేది ఎక్కువైంది. గిది శానా అరుదు. పెద్దమనిషైనంక శానామందికి దానంతటదే గట్టిపడ్తది."

"మరి బడికి పోవచ్చా?" అన్న.

"పో. ఎగురకు, బరువు ఎత్తకు. మంచంలనే ఉంటె ఎముక ఇంకా పల్చబడ్తది."

ఇంటికొచ్చి చెప్తే అవ్వ ఏడ్చింది. "మళ్ల విరిగితే?"

"విరిగితే కట్టు కట్టిచ్చుకుంట. పండుకొని మాత్రం ఉండ" అన్న నేను.

నిజంగనే విరిగింది, ఈసారి కుడిచెయ్యి. ఏడో తరగతి పరీక్షలు ఎడమచేత్తోని రాసి పాసైన. నెలనెలా దవాఖానల కలిసే ఆ పాప గూడ కాళ్లకు ఇనుప పట్టీలు ఏసుకొని బడిల చేరింది.

నాకు పదిహేనేండ్లు వచ్చేటాళ్లకు నొప్పి పోయింది. డాక్టరమ్మ పాత ఎక్స్‌రే, కొత్త ఎక్స్‌రే పక్కపక్కన పెట్టింది. పల్చగ కనిపిచ్చిన ఎముక తెల్లగ, చిక్కగ నిండింది. నడుము నొప్పి వచ్చిన్నాడు కుదించుకపోయిన రెండు వెన్నుపూసలు మాత్రం పూర్తిగ లేవలే. అందుకే మా అక్క కంటె పొట్టిగ మిగిలిన.

ఆ వారమే బోరింగు కాడికి పోయి బిందె నింపిన. అవ్వ ఉరికొచ్చి చెయ్యి అడ్డం పెట్టింది. "జరుగవ్వా" అని, బిందె సంకన ఎత్తుకొని ఇంటిదాక నడిచిన.